పరుగు మానేయాలా అని అడిగిన పాఠకురాలికి

ప్రశ్న: నమస్తే మేడమ్. నా వయసు 37. మాది మదనపల్లె. పెళ్ళయిన దగ్గర్నుంచి బెంగళూరులో, మారతహళ్ళి దగ్గర ఉంటున్నాం. సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ మేనేజర్‌ని. ఇద్దరు పిల్లలు, అత్తగారు మాతోనే ఉంటారు. రెండేళ్ళ క్రితం బరువు తగ్గడానికి నడక మొదలుపెట్టి మెల్లగా పరుగుకు వచ్చాను. వారానికి మూడు రోజులు ఐదేసి కిలోమీటర్లు హాయిగా పరుగెత్తేదాన్ని. ఈ ఏడాది హాఫ్ మారథాన్‌కు (సుమారు 21 కిలోమీటర్లు) పేరు ఇచ్చి, ప్లాన్ ప్రకారం దూరం పెంచుకుంటూ వచ్చాను. తెల్లవారుజామున నాలుగున్నరకు లేస్తేనే కుదిరేది. రాత్రి అమెరికా కాల్స్ అయ్యేసరికి పదకొండున్నర దాటేది. అదే సమయంలో రాత్రిపూట అన్నం కూడా మానేశాను. ఎడమ కాలి ముందు ఎముక దగ్గర నొప్పి మొదలైంది. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారని మాత్రలు వేసుకుంటూ మూడు వారాలు పరుగెత్తాను. తర్వాత ఎమ్మారైలో టిబియా అనే ఆ ఎముక లోపలి అంచున స్ట్రెస్ ఫ్రాక్చర్ (పదేపదే పడే తాకిడితో ఎముకకు కలిగే గాయం), గ్రేడ్ 3 అని తేలింది. ఎనిమిది వారాలు పరుగు వద్దన్నారు ఆర్థోపెడిక్ డాక్టరు గారు. నాలుగు నెలలుగా నెలసరి కూడా సరిగా రావడం లేదు. "ఇద్దరు పిల్లల తల్లివి, ఈ పరుగులు నీకెందుకమ్మా" అంటున్నారు అత్తగారు. మావారు ఏమీ అనరు గానీ, ఆయన మనసులోనూ అదే మాట ఉందనిపిస్తోంది. రోజంతటిలో నాదంటూ ఉన్నది ఆ ఒక్క గంటే. అది పోయాక దేని మీదా మనసు నిలవడం లేదు. నేను పరుగు మానేయాలా? ఉద్యోగం, ఇల్లు, పరుగు మూడూ కావాలనుకోవడం అత్యాశా?
— ఒక పాఠకురాలు, బెంగళూరు

సమాధానం: పరుగు మానేయనక్కర లేదు. మీ ఎమ్మారైలో రాసిన చోటు, గ్రేడు చూస్తే ఈ గాయం మానేదే. ఇలాంటి గాయం మానిన తర్వాత తిరిగి పరుగెత్తేవారే ఎక్కువ. అయితే ఈ ఏడాది హాఫ్ మారథాన్‌ను మాత్రం వదులుకోమని మొదటి మాటగానే చెబుతున్నాను. ఆ తేదీ మీ కళ్ళ ముందు ఉన్నంత కాలం, కాలు ఎంతవరకు మానిందన్న దాని కంటే ఎన్ని వారాలు మిగిలాయన్నదే మీ ఆలోచనను నడిపిస్తుంది, మళ్ళీ అదే తొందర మొదలవుతుంది. ఇక అత్యాశ సంగతి. మూడూ కోరుకోవడంలో అత్యాశ ఏమీ లేదు. మూడింటినీ ఒకే కాలంలో పెంచుకుంటూ, వాటిని మోయడానికి కావలసిన నిద్రనూ తిండినీ అదే కాలంలో తగ్గించుకుంటూ వచ్చారు. మీ గాయానికి మూలం నాకు అక్కడ కనిపిస్తోంది. అందుకే నా జవాబులో కాలి గురించి ఎంత ఉంటుందో, మీ దినచర్య గురించీ అంతే ఉంటుంది.

ఎముక అంటే యవ్వనంలో ఒకసారి తయారై, ఆ తర్వాత అలాగే ఉండిపోయే గట్టి వస్తువని చాలామంది అనుకుంటారు. నిజానికి అది జీవితాంతం తనలోని పాత భాగాలను తొలగించుకుంటూ, కొత్త భాగాలను కట్టుకుంటూ ఉండే సజీవ కణజాలం. తన మీద పడే భారాన్ని బట్టి ఎముక తన నిర్మాణాన్ని మార్చుకుంటుందని జర్మన్ శస్త్రవైద్యుడు జూలియస్ వోల్ఫ్ 1892లోనే వివరించారు. పరుగులో ప్రతి అడుగుకూ నేల నుంచి శరీర బరువుకు రెండు మూడు రెట్ల బలం కాలి మీద పడుతుంది. ఐదు కిలోమీటర్ల పరుగంటే రెండు కాళ్ళూ కలిపి సుమారు ఐదు వేల అడుగులు. ఆ తాకిడికి ఎముకలో కంటికి కనిపించనంత సన్నని పగుళ్ళు ఏర్పడడం సహజమే. వాటిని బాగుచేసుకునే క్రమంలోనే ఎముక గట్టిపడుతుంది.

ఆ బాగుచేత రెండు దశల్లో జరుగుతుంది. మొదట ఆస్టియోక్లాస్ట్‌లనే కణాలు దెబ్బతిన్న భాగాన్ని తొలిచి శుభ్రం చేస్తాయి. దీనికి సుమారు మూడు వారాలు పడుతుంది. తర్వాత ఆస్టియోబ్లాస్ట్‌లనే కణాలు ఆ ఖాళీని కొత్త ఎముకతో నింపుతాయి. దీనికి దాదాపు మూడు నెలలు కావాలి. అంటే శిక్షణ పెంచిన కొన్ని వారాలకు, ఎముక మునుపటి కంటే కాస్త బలహీనంగా ఉండే దశ ఒకటి వస్తుంది. మన నగరంలో పైపుల కోసం రోడ్డు తవ్వి, పూడ్చి, తారు వేయకముందే దాని మీదికి నీళ్ళ ట్యాంకర్లను వదిలితే ఏమవుతుందో మనమందరం చూసినవాళ్ళమే. మీరు దూరం పెంచిన ప్రతి వారమూ మీ టిబియా ఆ స్థితిలోనే ఉంది. పూడిక పనికి కావలసిన నిద్ర, ఆహారం, హార్మోన్లు మూడూ ఆ సమయంలోనే కొరవడ్డాయి.

ఎక్స్‌రే గురించి ఒక మాట. ఈ రకం గాయం తొలి రెండు మూడు వారాల్లో ఎక్స్‌రేలో చాలావరకు కనబడదు. ఎక్స్‌రే బాగుందంటే ఎముక బాగుందని అర్థం కాదు. పరుగెత్తేవారికి ఎముక మీద ఒకే చోట, వేలితో నొక్కితే కచ్చితంగా చూపించగలిగేలా నొప్పి ఉండి, అది పరుగు సాగేకొద్దీ తగ్గకుండా పెరుగుతుంటే, ఎక్స్‌రే ఎలా ఉన్నా పరుగు ఆపి ఎమ్మారై గురించి డాక్టరును అడగాలి. మీ రిపోర్టులోని గ్రేడు 1995లో ఫ్రెడరిక్సన్ బృందం రూపొందించిన వర్గీకరణకు చెందినది. అందులో మూడో గ్రేడు అంటే ఎముక పొరలోనూ లోపలి మజ్జలోనూ వాపు స్పష్టంగా ఉంది గానీ చీలిక గీత ఇంకా పడలేదని అర్థం. గీత పడితే అది నాలుగో గ్రేడు. మీరు ఆ అంచుకు ముందే ఆగారు. టిబియా లోపలి అంచు రక్తప్రసరణ బాగా ఉండి, సులువుగా మానే చోటు. అదే టిబియా ముందు వైపు మధ్యలో వచ్చి ఉంటే ఈ జవాబు వేరుగా ఉండేది.

మీరు ప్లాన్ ప్రకారమే దూరం పెంచానని రాశారు. వారానికి పది శాతానికి మించి పెంచకూడదనే నియమం పరుగు బృందాల్లో అందరి నోటా వినిపిస్తుంది. 2008లో నెదర్లాండ్స్ పరిశోధకులు ఈ నియమాన్ని కొత్తగా పరుగు మొదలుపెట్టినవారి మీద పరీక్షించారు. పది శాతం చొప్పున నెమ్మదిగా 13 వారాల పాటు పెంచినవారికీ, మామూలుగా ఎనిమిది వారాల్లో పెంచినవారికీ గాయాల్లో తేడా కనిపించలేదు. రెండు బృందాల్లోనూ ఇంచుమించు ఐదుగురిలో ఒకరు గాయపడ్డారు. దీన్ని బట్టి దూరాన్ని ఎలా పెంచినా ఒకటేనని నేను అనుకోను. దూరం ఒక్కటే లెక్క పెట్టుకునే ప్రణాళిక సగం ప్రణాళికేనని మాత్రం గట్టిగా అనుకుంటాను. మీ చేతి గడియారం కిలోమీటర్లను లెక్కిస్తుంది. రాత్రి ఎన్నింటికి లాప్‌టాప్ మూశారో, మధ్యాహ్నం ఏం తిన్నారో, పిల్లవాడికి జ్వరం వచ్చి ఎన్నిసార్లు లేచారో దానికి తెలియదు. శరీరం మాత్రం వాటన్నింటినీ కలిపే మోస్తుంది. ఆఫీసు అలసటను ఒక పక్కన, ఇంటి అలసటను మరో పక్కన, పరుగు అలసటను ఇంకో పక్కన విడివిడిగా పెట్టుకునే ఏర్పాటు దానికి లేదు.

మీరు రాసిన వేళలు చూస్తే రాత్రికి ఐదు గంటల నిద్ర కూడా లేదు. పెద్దవారికి కనీసం ఏడు గంటలు కావాలన్నది నిద్ర నిపుణుల సంఘాలు చెప్పే మాట. నిద్ర తగ్గడం వల్ల బద్ధకం ఒక్కటే వస్తుందనుకోకండి. 2017లో అమెరికాలో కొద్దిమంది పురుషుల మీద జరిగిన ఒక అధ్యయనంలో, మూడు వారాల పాటు నిద్రను కుదించి నిద్రవేళలను చెదరగొడితే, కొత్త ఎముక తయారీని సూచించే రక్తపరీక్ష విలువ తగ్గింది. నా దగ్గరకు వచ్చే ఔటర్ రింగ్ రోడ్డు ఉద్యోగులలో చాలామంది వ్యాయామం కోసం నిద్రను తగ్గించుకున్నవారే. దాన్ని వారు క్రమశిక్షణగా భావిస్తారు, చుట్టూ ఉన్నవారు కూడా మెచ్చుకుంటారు. ఆ మెప్పు నాకు బాధ కలిగిస్తుంది. ఐదు గంటలు నిద్రపోయి పది కిలోమీటర్లు పరుగెత్తడం కంటే, ఏడు గంటలు నిద్రపోయి నాలుగు కిలోమీటర్లు పరుగెత్తడమే మంచి శిక్షణ అని నేను నమ్ముతాను, అందరికీ అదే చెబుతాను.

మీ ఉత్తరంలో నన్ను అన్నింటికంటే ఎక్కువగా కలవరపెట్టింది నెలసరి గురించి మీరు మధ్యలో రాసిన ఒక్క వాక్యం. దూరం పెంచుతూ ఆహారం తగ్గిస్తే, వ్యాయామానికి పోగా మిగిలిన శక్తి శరీరం నడవడానికి చాలదు. అప్పుడు శరీరం అత్యవసరం కాని పనులను తగ్గించుకుంటుంది. అండం విడుదల మందగిస్తుంది, ఈస్ట్రోజెన్ తగ్గుతుంది, దాంతో ఎముక కరిగే వేగం కట్టే వేగాన్ని మించిపోతుంది. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో ఈ స్థితికి రెడ్-ఎస్ అని పేరు పెట్టి, ఆటగాళ్ళందరూ దీని గురించి తెలుసుకోవాలని హెచ్చరించింది. ఇది పతకాల కోసం పోటీపడేవారికే వస్తుందన్నది అపోహ; బరువు తగ్గాలని రాత్రి భోజనం మానేసి తెల్లవారి ఖాళీ కడుపుతో పరుగెత్తే గృహిణికీ వస్తుంది, ఉద్యోగినికీ వస్తుంది. అయితే 37 ఏళ్ళ వయసులో నెలసరి తప్పడానికి థైరాయిడ్ సహా వేరే కారణాలు కూడా ఉండవచ్చు. కాబట్టి ఈ వారంలోనే గైనకాలజిస్టును కలవండి. కాలి గాయం సంగతి, రాత్రి భోజనం మానేసిన సంగతి రెండూ ఆమెకు చెప్పండి. విటమిన్ డి, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వను తెలిపేది), థైరాయిడ్ పరీక్షలు అవసరమేమో అడగండి. పగలంతా అద్దాల భవనంలో గడిపేవారిలో విటమిన్ డి తక్కువగా ఉండడం చాలా మామూలు.

రాత్రి భోజనాన్ని ఈ రోజు నుంచే తిరిగి మొదలుపెట్టండి. జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం పెద్దవారికి రోజుకు 1000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. మనవాళ్ళకు దీనికోసం దూరం వెళ్ళాల్సిన పని లేదు. వంద గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. మదనపల్లె నుంచి వచ్చిన మీకు రాగి సంగటి గురించి నేను చెప్పనక్కర లేదు. అది బెంగళూరులో ముద్దె పేరుతో వీధి వీధినా దొరుకుతుంది. ఒక పూట సంగటి, రెండు గ్లాసుల పాలు, గిన్నెడు పెరుగు, కాసిని నువ్వులు కలిస్తే అవసరంలో చాలా భాగం తీరిపోతుంది. పప్పు, గుడ్డు, చేపలాంటివి ప్రతి పూటా ఏదో ఒకటి ఉండేలా చూసుకోండి. ఎముకలో ఖనిజంతో పాటు మాంసకృత్తుల చట్రం కూడా ఉంటుంది కాబట్టి కాల్షియం మాత్ర ఒక్కటే ఆ పని చేయలేదు. బరువు తగ్గే ఆలోచనను మాత్రం ఎముక మానేదాకా పూర్తిగా పక్కన పెట్టండి. నొప్పి మాత్రల విషయం మీ ఆర్థోపెడిక్ డాక్టరుతో మాట్లాడండి. నొప్పిని కప్పిపెట్టి నడవడానికి గానీ పరుగెత్తడానికి గానీ వాటిని వాడకూడదు.

ఇక ఆ గంట గురించి. డాక్టరు గారు మీకు పరుగు ఒక్కటే వద్దన్నారు, ఆ గంటను వదులుకోమనలేదు. గాయపడిన తల్లులు ఎక్కువగా ఎదుర్కొనే చిక్కు ఇక్కడే ఉంది. పరుగు లేదు కదా అని ఆ గంటలో మీరు టిఫిన్ బాక్సులు సర్దడం, బట్టలు మడవడం మొదలుపెడితే, ఎనిమిది వారాల్లో ఇల్లంతా దానికి అలవాటు పడిపోతుంది. కాలు మానిన తర్వాత ఆ గంటను తిరిగి అడగడం, మొదటిసారి అడిగిన దానికంటే కష్టమవుతుంది. కాబట్టి దాన్ని ఇప్పుడే కాపాడుకోండి, కానీ వేరేగా వాడండి. వారంలో రెండు రోజులు ఆ గంటను నిద్రకే ఇచ్చేయండి. మిగిలిన మూడు నాలుగు రోజులు వ్యాయామానికి ఉంచండి.

ఏ వ్యాయామం అంటారా. కుంటకుండా నడవగలిగితే మామూలుగా నడవండి. కుంటుతుంటే వాకింగ్ బూట్ గానీ ఊతకర్ర గానీ కొద్ది రోజులు అవసరమేమో డాక్టరును అడగండి. కుంటుతూ నడిస్తే రెండో కాలికీ నడుముకూ కొత్త బాధలు మొదలవుతాయి. డాక్టరు అనుమతిస్తే కదలని సైకిల్ తొక్కవచ్చు. మీ అపార్ట్‌మెంటులో ఈతకొలను ఉంటే, నడుముకు తేలే బెల్టు కట్టుకుని నేల తగలని లోతులో పరుగెత్తే వ్యాయామం గుండె దమ్మును బాగా నిలబెడుతుంది. తుంటి, తొడ, నడుము కండరాలకు బరువులతో చేసే వ్యాయామాలు ఈ కాలంలో మీకు పెద్ద పెట్టుబడి. పిక్కను మరచిపోకండి. పిక్క లోపలి కండరం సోలియస్ పరుగులో శరీర బరువుకు ఆరేడు రెట్ల బలాన్ని మోస్తుంది. అది అలసిపోతే ఆ భారమంతా ఎముక మీదికి వెళుతుంది. నొప్పి లేని స్థాయిలో, మొదట కుర్చీలో కూర్చుని, తర్వాత రెండు కాళ్ళ మీద నిలబడి, ఆ తర్వాత ఒంటికాలి మీద మునివేళ్ళపై లేచి దిగే వ్యాయామం చేస్తూ రండి. ఇవన్నీ మీ దగ్గరలోని ఫిజియోథెరపిస్టు ఒకసారి మిమ్మల్ని పరీక్షించి, చేయి పట్టుకుని నేర్పాల్సినవి. ఉత్తరం చదివి నేర్చుకోవడం సరిపోదు.

లక్ష్యాల విషయంలో నా అభిప్రాయం కాస్త సూటిగానే చెబుతాను. 21 కిలోమీటర్లు పూర్తి చేయడమన్నది మంచి లక్ష్యమే, కానీ అది మీ చేతిలో పూర్తిగా లేని లక్ష్యం. వర్షం, జ్వరం, ఆఫీసు పని, ఎముక, ఏదైనా దాన్ని ఆపగలవు. మీ చేతిలో ఉన్నది ఈ వారం. ఈ వారంలో ఐదు రాత్రులు ఏడు గంటలు నిద్రపోవడం, మూడు పూటలా తినడం, మూడుసార్లు కండరాల వ్యాయామం చేయడం, ఇవి ఇప్పటికి మీ లక్ష్యాలు. వీటిని కిలోమీటర్లు రాసుకున్న పుస్తకంలోనే, అంతే గౌరవంగా రాసుకోండి. నిద్రపోయిన రోజును శిక్షణ జరిగిన రోజుగా లెక్కించడం మొదట్లో వింతగా అనిపిస్తుంది. ఎముక కట్టే పని ఆ రోజే జరుగుతుందని తెలిశాక ఆ వింత పోతుంది.

సమతుల్యం అనే మాటను చాలామంది రోజును సమాన భాగాలుగా కోయడంగా అర్థం చేసుకుని, అలా కుదరక తమను తాము నిందించుకుంటారు. రెండు వేళల్లో పనిచేసే ఉద్యోగం, చిన్న పిల్లలు ఉన్న ఇంట్లో అలాంటి రోజు ఒకటైనా రాదు. నేను సూచించేది వేరొక పద్ధతి. ఏడాదిని ముందు పెట్టుకుని, ఆఫీసులో పెద్ద రిలీజ్ ఎప్పుడు, అప్రైజల్ నెల ఏది, పిల్లల పరీక్షలు ఎప్పుడు, ఊళ్ళో పెళ్ళిళ్ళు ఎప్పుడు అన్నది గుర్తించండి. ఆ వారాల్లో పరుగును సగానికి తగ్గించండి, పెంచడం అన్న మాటే వద్దు. జీవితంలో మిగతావి నిలకడగా ఉన్న కాలంలోనే శిక్షణను పెంచండి. ఒక కాలంలో ఒక్క భారాన్నే పెంచాలన్నది నేను పరుగెత్తేవారందరికీ చెప్పే నియమం. మీరు ఈ ఏడాది పరుగు దూరాన్ని పెంచారు, ఆహారాన్ని తగ్గించారు, రాత్రి కాల్స్ కూడా అదే కాలంలో నడిచాయి. ఇందులో మీ సంకల్పానికి ఏ లోటూ లేదు. ఆ సంకల్పం అంత బలంగా ఉండబట్టే నొప్పితో మూడు వారాలు పరుగెత్తగలిగారు.

ఇంట్లోవారి సంగతి రాయకుండా ఈ జవాబు ముగించలేను. 2019లో కేంద్ర ప్రభుత్వం జరిపిన కాల వినియోగ సర్వే ప్రకారం, మన దేశంలో జీతం లేని ఇంటి పని చేసే స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు దానికి వెచ్చిస్తే, అదే పని చేసే పురుషులు 97 నిమిషాలు వెచ్చించారు. ఈ తేడా ఉన్నంత వరకు, సమయాన్ని ఎలా సర్దుకోవాలో స్త్రీలకు నేర్పే సలహాలన్నీ చివరికి వారి నిద్రనే కోస్తాయి. కాబట్టి మీ వారితో ఒక ఆదివారం కూర్చుని, ఎమ్మారై రిపోర్టు చూపించి మాట్లాడండి. ఆయన మౌనానికి మీరే అర్థం చెప్పుకోకండి. ఆయన భయపడుతూ ఉండవచ్చు, ఏమనాలో తోచక ఊరుకుని ఉండవచ్చు. సాయం చేయమని అడగడం కంటే, ఫలానా పని మీది అని పంచుకోవడం మేలు. పొద్దున పిల్లలను లేపి బస్సు ఎక్కించడం వారంలో నాలుగు రోజులు ఆయన బాధ్యత అయితే, మీ నిద్ర గంట పెరుగుతుంది. అలాగే మేనేజరుతో మాట్లాడి రాత్రి కాల్స్‌ను వారంలో కొన్ని రోజులకైనా కుదించుకునే వీలు చూడండి. డాక్టరు రాసిన కాగితం ఉన్నప్పుడు అడగడం కొంత తేలిక.

మీ అత్తగారి మాటలో ఆందోళన ఉంది, దాన్ని గౌరవించండి. కానీ ఆ మాటలోని లెక్క మాత్రం సరైనది కాదు. ఇద్దరు పిల్లల తల్లికే ఎముకల బలం మరింత అవసరం. నెలసరి ఆగిపోయిన తర్వాతి తొలి ఏళ్ళలో స్త్రీల ఎముక సాంద్రత వేగంగా తగ్గుతుంది. అప్పటికి ఎంత నిల్వ ఉందన్నదే ఆ తర్వాతి జీవితాన్ని నిర్ణయిస్తుంది. సరైన ఆహారంతో పాటు బరువు మోసే వ్యాయామం చేసినవారికి ఆ నిల్వ మెరుగ్గా ఉంటుంది. మీరు చేసే కండరాల వ్యాయామాల్లో కుర్చీ లోంచి లేచి కూర్చునేది, మునివేళ్ళ మీద లేచేది ఆమె కూడా మీ పక్కన నిలబడి, గోడ పట్టుకుని చేయవచ్చు. ఆవిడకు మోకాళ్ళ నొప్పులో రక్తపోటో ఉంటే ముందు డాక్టరును అడగండి. రోజూ పక్కపక్కన చేసే వ్యాయామం, వాదన కంటే బాగా ఆవిడకు మీ మాట చేరవేస్తుంది.

మీకు తెలిసే ఉంటుంది, పి.వి.సింధు 2022 ఆగస్టులో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో నొప్పితోనే స్వర్ణం గెలిచాక, ఆమె ఎడమ కాలిలో స్ట్రెస్ ఫ్రాక్చర్ బయటపడింది. ఆ నెలలోనే టోక్యోలో ఉన్న ప్రపంచ ఛాంపియన్‌షిప్ నుంచి తప్పుకుని, తిరిగి 2023 జనవరిలో మలేసియా ఓపెన్‌లో కోర్టులోకి దిగింది. ఆటే వృత్తిగా, చుట్టూ శిక్షకులూ ఫిజియోలూ ఉన్న క్రీడాకారిణికి సుమారు ఐదు నెలలు పట్టింది. మీకు ఎనిమిది వారాల తర్వాత అన్నీ మునుపటిలా ఉండకపోతే కంగారు పడకండి. ఎనిమిది వారాలన్నది పరుగు మళ్ళీ మొదలుపెట్టడానికి వీలయ్యే సమయం; మునుపటి దూరాలకు చేరడానికి ఆ తర్వాత మరికొన్ని నెలలు వేసుకోండి.

మొదలుపెట్టే ముందు కొన్ని విషయాలు చూసుకోవాలి. ఎముక మీద వేలితో నొక్కితే నొప్పి ఉండకూడదు. వేగంగా అరగంట నడిచినా, ఆ రోజు గానీ మర్నాడు పొద్దున గానీ నొప్పి రాకూడదు. గాయపడిన కాలి మీద మునివేళ్ళపై ఇరవై సార్లు, రెండో కాలితో సమానంగా లేవగలగాలి. ఒంటికాలి మీద పది గెంతులు నొప్పి లేకుండా వేయగలగాలి. డాక్టరు సరేననాలి. అప్పుడు ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక చొప్పున ఇరవై నిమిషాలు, రోజు విడిచి రోజు మొదలుపెట్టండి. పరుగు నిమిషాలను మెల్లగా పెంచుతూ, నడకను తగ్గిస్తూ రండి. ముందు దూరం, చాలా కాలం తర్వాతే వేగం. లాల్‌బాగ్‌లోనో కబ్బన్ పార్కులోనో మట్టి దారి ఉన్నచోట మొదలుపెడితే మనసుకు బాగుంటుంది, కానీ మెత్తని నేల ఉంది కదా అని దూరం పెంచకూడదు.

మీ దినచర్యకు సరిపోయే ఒక మంచి సంగతి కూడా ఉంది. ఎముకలోని కణాలు కొన్ని పదుల తాకిడుల తర్వాత స్పందించడం తగ్గించేస్తాయి, కొన్ని గంటల విశ్రాంతి తర్వాత తిరిగి స్పందిస్తాయి. కాబట్టి మానిన ఎముకను గట్టిపరచడానికి ఒకేసారి గంటసేపు శ్రమించనక్కర లేదు. పొద్దున ఐదు నిమిషాలు, సాయంత్రం ఐదు నిమిషాలు మెత్తగా గెంతడం వంటివి, మీ ఫిజియోథెరపిస్టు చెప్పిన దశలో, ఎముకకు బాగా పనిచేస్తాయి. కొత్త పోటీని ఎంచుకోవాలనిపిస్తే నెలసరి క్రమబద్ధమై, నొప్పి లేకుండా ఐదు కిలోమీటర్లు వరుసగా కొన్ని వారాలు పరుగెత్తిన తర్వాతే పేరు ఇవ్వండి. బెంగళూరులో 2008 నుంచి జరుగుతున్న పది కిలోమీటర్ల పోటీ వచ్చే ఏడాదికి మీకు సరైన దూరం అనిపిస్తోంది.

మనసు నిలవడం లేదని రాశారు. అలవాటైన పరుగు హఠాత్తుగా ఆగితే అలా అనిపించడం సహజం. కండరాల వ్యాయామం, ఎండ, పరుగు స్నేహితులను కలవడం మొదలయ్యాక చాలామందికి తగ్గుతుంది. వారితో ఆదివారం పొద్దున కాఫీకి కలవడం మానకండి. అయినా రెండు వారాలకు పైగా దిగులు వీడకపోయినా, నిద్రకు అవకాశం ఉన్నా నిద్ర పట్టకపోయినా, ఏ పనీ ఇష్టం లేకపోయినా, మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ సేవకు 14416 నంబరులో ఫోన్ చేయండి. తెలుగులో మాట్లాడేవారు ఉంటారు. మన ఊళ్ళోనే మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ కూడా ఉంది.

నొప్పి రాత్రి నిద్రలో కూడా వస్తున్నా, మామూలు నడకలో పెరుగుతున్నా, టిబియా ముందు అంచుకు మారినా ఎనిమిది వారాలు పూర్తయ్యేదాకా ఎదురుచూడకుండా ఆర్థోపెడిక్ డాక్టరు దగ్గరకు వెళ్ళండి. పరుగు మళ్ళీ మొదలుపెట్టాక గజ్జల్లో గానీ తుంటి లోతులో గానీ కొత్త నొప్పి వస్తే, అది తొడ ఎముక మెడ దగ్గరి స్ట్రెస్ ఫ్రాక్చర్ కావచ్చు. ఆ రోజే పరుగు ఆపి, కాలి మీద బరువు వేయడం తగ్గించి, ఆలస్యం లేకుండా చూపించుకోండి.